ఐదు అగ్గిపుల్లల బుగులు

గదికో కుటుంబం చొప్పున ఉండే మా చాల్‌లో అసలు పేర్లతో పని జరిగేది కాదు. పాలమూరు వైపు నుంచి తాతల కాలంలో రాళ్లు మోయడానికీ గోడలు కట్టడానికీ బొంబాయి వచ్చిన కుటుంబాలన్నీ పిల్లలకు అవే నాలుగు దేవుళ్ల పేర్లు పెట్టుకున్నాయి. కింద పంపు దగ్గర నిలబడి ఒక పేరు కేకేస్తే అన్ని అంతస్తుల వరండాల్లోంచీ తలలు బయటికొచ్చేవి. అందుకని మనిషి గుణమే పేరైపోయింది. నిమ్మళం మామ, గొణుగుడు తాత, గలగల అత్త. పేరు నచ్చలేదని మొహం ముడుచుకుంటే ఉడుకుమోతు అని ఇంకోటి తగిలేది. కాబట్టి ఎవరూ ముడుచుకునేవారు కాదు. మొండిపిల్ల అంటే నేనే. ఆ పేరు మీద నాకెప్పుడూ పెద్దగా అభ్యంతరం లేదు.

మా చిన్నమ్మ పేరు బుగులక్క. మా వైపు మాటలో బుగులంటే భయం. ఆమె కొత్త పెళ్లికూతురిగా బొంబాయి సెంట్రల్‌లో లోకల్ రైలు దిగి నడిచి వస్తుంటే, ఫోరస్ రోడ్ దాటేచోట ఒక డబుల్ డెక్కర్ బస్సు హారన్ కొట్టిందట. ఈమె నెత్తి మీది ట్రంకుపెట్టె దింపేసి, రెండు చెవులూ మూసుకుని రోడ్డు మధ్యలో చతికిలబడింది. బస్సు ఆగింది, దాని వెనక టాక్సీలు ఆగాయి, తోపుడుబండ్లు ఆగాయి. తీసుకురావడానికి వెళ్లిన సగం చాల్ కళ్లారా చూసింది. మిగతా సగానికి గలగల అత్త ఆ సాయంత్రమే అభినయంతో సహా చూపించింది. పేరు పెట్టింది కూడా ఆమే.

అమ్మ పోయాక నన్ను చిన్నమ్మ దగ్గరికి తెచ్చేనాటికే ఆ పేరు పాతబడిపోయింది. చిన్నమ్మ కూడా దానికి తగ్గట్టే ఉండేది, అబద్ధమెందుకు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేది. ఉరిమితే దుప్పటి కప్పుకునేది. పోలీసు కనబడితే చేసిన తప్పేమీ లేకపోయినా కొంగు సర్దుకుని గోడవైపు తిరిగేది. ఉలిక్కిపడిన ప్రతిసారీ ఎవరో ఒకరు "చూసిన్రా" అని నవ్వేవారు. ఉలిక్కిపడని రోజుల గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎందుకంటారు?

చిన్నాయన పోయాక ఆమె మా చాల్ కింది అంతస్తులోనే ఒక ముసలి అవ్వ నడిపే ఖానావళిలో పనికి కుదిరింది. ఊళ్లో భార్యాపిల్లల్ని వదిలి కూలికొచ్చిన పాలమూరు మగవాళ్లు అక్కడ తినేవాళ్లు. పొద్దున ఒక పూట తిని, మధ్యాహ్నానికి రొట్టెలు గుడ్డలో కట్టించుకుని నాకాకు పోయేవారు. నాకా అంటే కూలీలు నిలబడే కూడలి. ముకద్దమ్ వచ్చి కావలసిన మనుషుల్ని ఏరుకుని పోతాడు. ఆలస్యంగా చేరితే ఆ రోజు పని లేదు. అందుకని ఖానావళిలో ఉప్పు తక్కువైనా ఊరుకునేవారు గానీ రొట్టె ఆలస్యమైతే ఊరుకునేవారు కాదు. మేమిద్దరం పడుకునేది కూడా ఆ ఒంటిగది ఖోలీ అటకమీదే. కింద జొన్నపిండి బస్తాలు, పైన మేము, నా పుస్తకాలు.

నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో మొదలుపెట్టి, కిందామీదా పడి కాలేజీ దాకా వచ్చాను. అవి ఎనభైల మధ్య సంవత్సరాలు. మా చాల్ ఆడపిల్లలు ఎవరైనా కాలేజీకి పోతే కామర్స్ చదివేవాళ్లు. నేను మనస్తత్వశాస్త్రం తీసుకున్నాను. అదేం చదువని అందరూ అడిగారు, ఆ అడగడం వల్లనే నా పట్టు ఇంకా గట్టిపడింది. కాలేజీలో ఎక్కడుంటావని అడిగితే కామాటిపుర అనేదాన్ని. ఆ పేరు వింటే బొంబాయిలో అందరికీ ముందు గుర్తొచ్చేది వేశ్యల వీధులే, అవతలివాళ్లు మాట మార్చేవారు. మనుషులకే కాదు, పేటలకు కూడా గుణం అంటగడతారని అప్పుడు అర్థమైంది.

ఆ సంవత్సరం మాకు వ్యక్తిత్వాన్ని గుణాల ద్వారా అర్థం చేసుకునే పద్ధతి పాఠం వచ్చింది. చెప్పింది ఒక మరాఠీ మేడమ్. నవ్వు తక్కువ, ఓపిక ఎక్కువ. మనుషుల్లో పనికొచ్చే తేడా ఏదున్నా దానికి భాష ఎప్పుడో ఒక మాట పుట్టించుకునే ఉంటుంది, ఆ మాటల్ని పోగేసి, ఒకదానితో ఒకటి కలిసి నడిచేవాటిని ఒకచోట చేర్చితే కొన్ని పెద్ద గుణాలు తేలతాయి అని ఆమె చెబుతుంటే నాకు మా వరండా కళ్లముందుకొచ్చింది. ఈ పని మావాళ్లు ఎప్పుడో మొదలుపెట్టేశారు కదా అనుకున్నాను. తర్వాత ఆమె చెప్పింది మాత్రం మావాళ్లకు తెలియనిది. గుణమంటే ఉండటమో లేకపోవడమో కాదట. ప్రతి గుణమూ ప్రతి మనిషిలో ఎంతో కొంత ఉంటుందట. ఎంత ఉందో చూడాలి, అదీ ఒక్క రోజు చూసి చెప్పకూడదు, ఎన్నో రోజులు, ఎన్నో చోట్ల చూడాలి. ఒకే మనిషిలో ఉన్న గుణాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. నేను నోట్సు రాయడం ఆపేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా చాల్‌లో మనిషికి ఒక్క గుణమే ఇచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవ్వ ఊరికి పోతానంది. చూపు మందగించింది, కొడుకు రమ్మంటున్నాడు. ఖానావళి ఎవరికి అప్పజెప్పాలో పెద్దమనుషులూ తినేవాళ్లూ కూర్చుని తేల్చడం మా వాడుక. అందరి నోట్లో గలగల అత్త పేరే ఉంది. తాగొచ్చి అల్లరి చేసేవాణ్ని కసిరి కూచోబెట్టగలదు, రేషన్ దుకాణంలో గొడవపడగలదు. పైగా రొట్టెలు తట్టడానికి ఇద్దరు కోడళ్లున్నారు. అంటే చిన్నమ్మకు పని ఉండదు. ఖోలీ ఖానావళితోపాటే పోతుంది కాబట్టి మాకు అటకా ఉండదు. ఇద్దరం ఊరికి పోవాలి. నా కాలేజీ అక్కడితో సరి. అవ్వ మనసులో చిన్నమ్మే ఉందని నాకు తెలుసు. పని నేర్చుకున్నది ఆమె, ఇన్నేళ్లుగా చేస్తున్నదీ ఆమే. కానీ బుగులక్కకు ఖానావళి ఏంటని చాల్ అంతా నవ్వుతుందని అవ్వ నోరు మెదపలేదు. చిన్నమ్మ అయితే అడగనే అడగదు.

మేడమ్ ప్రాక్టికల్ ఇచ్చింది. బాగా తెలిసిన ఒక మనిషిని ఎంచుకోవాలి. ఆ మనిషిని ఎరిగిన నలుగురిని విడివిడిగా అడగాలి. ఒక్కో గుణం ఎంతుందో ఒకటి నుంచి ఐదు దాకా వేయించాలి. ఆ మనిషి చేత కూడా తన గురించి తనే వేయించాలి. నేను చిన్నమ్మను ఎంచుకున్నాను. నా ఆలోచన ఏమిటంటే, ఫలితం చేతికొచ్చాక దాన్ని పెద్దమనుషుల ముందు పెట్టి, చూడండి, శాస్త్రం ఏం చెబుతోందో అనాలని. కాలేజీ మొదటిసారి చూసిన పిల్లకు శాస్త్రం మీద అంత నమ్మకం ఉండేది.

చదువు రానివాళ్ల చేత ఐదు గీతల మీద గుర్తు పెట్టించడం కుదరదని అగ్గిపుల్లలు తీసుకున్నాను. అస్సలు లేకపోతే ఒకటి, బాగా ఉంటే ఐదు. బాగానే ఉంది ఉపాయం. బాగోలేనిది మా వరండా. విడివిడిగా అడగాలని పుస్తకం రాసినవాళ్లెవరూ చాల్‌లో ఉండి ఉండరు. నేను ఒకామె ముందు అగ్గిపుల్లలు పోయగానే పక్క ఖోలీ తలుపు తెరుచుకుంది, తర్వాత దాని పక్కది. బియ్యం ఏరుకునే చేట తెచ్చుకుని ఒకరు, చంకలో పిల్లతో ఒకరు, ఒక నిమిషంలో వరండా నిండిపోయింది. భయం ఎంతుందని అడిగితే ఐదు పుల్లలనే మాట నలుగురి నోటా ఒక్కసారే వచ్చింది. గలగల అత్త ఐదు చాలవని డబ్బీలోంచి ఆరోది తీసిపెట్టింది. మళ్లీ ఆ డబుల్ డెక్కర్ బస్సు, మళ్లీ అభినయం. చిన్నమ్మ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నవ్వుతూ నిలబడింది. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమె కూడా ఆరే పెట్టుకుంది.

మిగతా గుణాలు అడుగుదామంటే ఎవరూ వినే స్థితిలో లేరు. నేను అటకెక్కి కూర్చుని ఏడ్చాను. ఊరికి పోవడం ఖాయమనిపించింది, పైగా దాన్ని నేనే రుజువు చేసినట్టయింది.

మరునాడు మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె అంతా విని, నీకు నలుగురి మాట రాలేదు, ఒక్కరి మాటే నాలుగుసార్లు వచ్చింది అంది. మీ పిన్నిని ఇంకోచోట ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడు, ఆ చాల్ పేరు తెలియనివాళ్లు. చాల్‌వాళ్లను అడిగేదుంటే చాల్ బయట అడుగు. అడిగినప్పుడు ఒక్క గుణం దగ్గర ఆగిపోకు, అన్నీ అడుగు. ఇంత మాత్రమే చెప్పి తన పనిలో పడిపోయింది. ఆమెకు నా పరిస్థితి ఏమీ తెలియదు. తెలియకుండా చేసిన మేలు మేలు కాకుండా పోతుందా? ఆ మేడమ్‌కు నేను ఈరోజుకీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

చిన్నమ్మ మా గల్లీ దాటి క్రమం తప్పకుండా పోయేది ఒక్కచోటికే. నాగ్‌పాడాలో జొన్నలు పట్టించే పిండిగిర్నీకి. ఆ శనివారం జొన్నలు నేను తీసుకుపోతానన్నాను. గలగల అత్తకు కూడా గోధుమలు పట్టించేది ఉంది. ఇద్దరం కలిసి నడిచాం. గిర్నీలో యంత్రం మోతకు పక్కనున్న మనిషి మాట పక్కనున్న మనిషికే వినబడుతుంది. ఇంతకంటే మంచి చోటు నాకు బొంబాయిలో దొరకదు.

గిర్నీ నడిపే ఆయన మీద కనుబొమ్మల దాకా పిండి. చిన్నమ్మ గురించి చెప్పి, ఆవిడ భయస్తురాలేనా అని హిందీలో అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

"డర్‌పోక్? వో?"

ఆమె పిరికిదేంటి అన్నట్టు తల అడ్డంగా ఊపి, అదే హిందీలో చెప్పుకొచ్చాడు. ఒకసారి మునుపటివాళ్ల సజ్జపిండి రాతిలో మిగిలిపోయి జొన్నల్లో కలిసిందట. చిన్నమ్మ గంప దింపి, యంత్రం ఆపించి, రాయి విప్పించి, తుడిపించి, తన జొన్నలు తిరిగి పట్టించుకుని గానీ కదల్లేదట. వరసలో ఉన్నవాళ్లంతా గొడవ చేసినా అక్కడే నిలబడిందట. గొంతు పెంచలేదు, కాళ్లు మాత్రం వణుకుతున్నాయి, అది కూడా నేను చూశాను అన్నాడు. భయానికి ఒకే ఒక్క పుల్ల పెట్టి, కొంచెం ఆలోచించి ఇంకోటి చేర్చాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుందా అన్నదానికి ఐదు.

గలగల అత్త నోరు తెరుచుకుని విన్నది. మా వరండాలో ఈ కథ ఎవరూ చెప్పలేదు, చిన్నమ్మ అసలే చెప్పలేదు. అభినయించడానికి బస్సు కథంత బాగుండదు కూడా. మేం బస్తాల మీద కూర్చున్నాం. ఆమె ముందు పుల్లలు పోసి, మొదటినుంచీ అడిగాను. భయానికి ఐదు తీసింది, చేతిలో పట్టుకుంది, నాలుగు కింద పెట్టింది. కోపానికి ఒకటి. కలుపుగోలుతనానికి రెండు. చెప్పిన టైముకు చేస్తుందా అన్నప్పుడు గబుక్కున ఐదూ పెట్టేసి, పెట్టాక ఆ పుల్లల వంకే చూస్తూ ఉండిపోయింది. గలగల అత్త అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఆదివారం మధ్యాహ్నం కింది వరండాలో కూర్చున్నారు. పాత మేస్త్రీ తాత మధ్యలో, పక్కన అవ్వ, చుట్టూ తినేవాళ్లు, మెట్ల మీద ఆడవాళ్లు. నా చేతిలో ప్రాక్టికల్ కాగితం ఉంది గానీ అంతమంది మగవాళ్ల ముందు నోరు పెగల్లేదు. మొండితనం వేరు, ధైర్యం వేరు అని అప్పుడు తెలిసింది. మేస్త్రీ తాత గలగల అత్త పేరు చెప్పాడు. అందరూ తలలూపారు. అయిపోయిందనుకున్నాను. చిన్నమ్మ చీర కొంగు నా చేతిలో ఉంది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

గలగల అత్త మెట్ల మీంచి లేచింది.

"దాన్ని బుగులక్క అన్నది నేనే," అంది. "గా మాట అబద్ధం గాదు. గానీ పొద్దుగాల నేను లేసేదే దాని స్టవ్ చప్పుడుకు. ఎండైనా వానైనా గా చప్పుడు ఒక్కనాడు తప్పలే. ఖానావళి నాకిస్తే రేపు నన్ను లేపేటోళ్లెవరు?"

నవ్వులు లేచాయి. ఆమె కూడా నవ్వింది. తను పొద్దున్నే లేవలేనని, తన కోడళ్లు తనకంటే గొప్పవాళ్లని, వాళ్లు లేచి చేసే రొట్టె నాకాకు కాదు, మ్యాట్నీకి పోయేవాళ్లకు అందుతుందని ఇంకా చెప్పింది. కోడళ్ల మొహాలు మాడిపోయాయి. ఆమె లాగేసుకోదగ్గ దాన్ని ఆమే వదిలేసింది, అదీ తన మీద తనే నవ్వుకుంటూ. గిర్నీలో ఆ ఐదు పుల్లలు పెట్టకముందు ఆమె ఎప్పుడూ ఆ సంగతి ఆలోచించి ఉండదని నా నమ్మకం. ఎవరూ అడగలేదు కదా. మనిషి గురించి ఒక్కటే అడుగుతూ పోతే ఒక్కటే జవాబు వస్తుంది.

నిమ్మళం మామ, ఖానావళిలో అందరికంటే పాత మనిషి, అవును, రొట్టె ఆలస్యమై నాకాలో పని పోయిన రోజు ఒక్కటీ గుర్తు లేదన్నాడు. అలా ఒకరి తర్వాత ఒకరు అనసాగారు. మేస్త్రీ తాతకు ఇంకా అనుమానం తీరలేదు. ఆయన చిన్నమ్మ వైపు తిరిగి, ఇంతమంది మొగోళ్లు, తాగొస్తరు, లొల్లి చేస్తరు, నీకు బుగులు కాదా బిడ్డా అని అడిగాడు.

కాదు అంటుందని అందరం ఎదురుచూశాం. ఆ మాటంటే చాలు. చిన్నమ్మ తల దించుకునే చెప్పింది.

"అయితది తాతా. అవ్వ పోతదన్నప్పటి సంది కడుపుల బుగులే ఉన్నది. రేపు గూడ ఉంటది. గానీ మీరు నాకాకు పొయ్యే యాళ్లకు రొట్టెలు గట్టి ఉంటయ్."

మేస్త్రీ తాత అవ్వ వైపు తిరిగి సరేనన్నాడు. అవ్వ తన నడుముకున్న తాళంచెవుల గుత్తి విప్పి, తడుముకుంటూ చిన్నమ్మ చేతిలో పెట్టింది.

ప్రాక్టికల్‌కు నాకు మామూలు మార్కులే వచ్చాయి. అడిగిన మనుషులు తక్కువ, అడిగిన పద్ధతి గందరగోళం అని మేడమ్ ఎర్రసిరాతో రాసింది. నిజమే రాసింది. ఆ తర్వాత నేను చాలా చదివాను. గుణాలు మనిషిలో స్థిరంగా ఉంటాయా, చోటును బట్టి మారుతాయా అని పెద్దవాళ్లు వాదించుకునేది కూడా చదివాను. ఎవరి మాట నెగ్గినా నాకు సంతోషమే. మనిషిని ఒక్క మాటతో మూసేయకుండా ఇంకో నాలుగు అడగమని నాకు నేర్పింది ఆ చదువే, అడిగిన నాడు నిజాయితీగా పుల్లలు పెట్టింది ఆ అత్తే. మేడమ్, అత్త, చిన్నమ్మ కలిసి నన్ను నిలబెట్టారు.

చాల్‌లో చిన్నమ్మ పేరు మారలేదు. ఖానావళి పేరే బుగులక్క ఖానావళి అయిపోయింది. కొత్తగా ఊరినుంచి వచ్చినవాళ్లు ఆ పేరుతోనే దారి అడుక్కుంటూ వచ్చేవారు. తాగొచ్చి లొల్లి చేసినవాళ్లను కసరడానికి పై అంతస్తు నుంచి గలగల అత్త దిగేది, దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు దిగేది.

ఒకరోజు తెల్లవారుజామున నేను పరీక్షకు చదువుకుంటూ అటకమీంచి కిందికి చూశాను. చిన్నమ్మ పీట మీద కూర్చుని రొట్టె తడుతోంది. ఖానావళి చేతికొచ్చి అప్పటికి చాలా నెలలైంది. అయినా చేతులు సన్నగా వణుకుతున్నాయి. రొట్టె మాత్రం గుండ్రంగా, ఎక్కడా చీలకుండా సాగుతోంది. నేను ఉండబట్టలేక, ఇంకా భయమేనా చిన్నమ్మా, ఎప్పుడూ తగ్గదా అని అడిగాను.

ఆమె రొట్టెను పెనం మీద వేసి, తడి చెయ్యి దాని మీద అద్దుతూ, నా వైపు చూడకుండానే అంది.

"తగ్గితే పొద్దుగాల లేవనేమో బిడ్డా."

నేను డిగ్రీ పూర్తి చేసేదాకా ఆమె ఒక్కరోజు కూడా ఆలస్యంగా లేవలేదు. నా చదువంతా ఆ బుగులు పెట్టిన అన్నంతోనే సాగింది.